అప్పజెప్పిన గొంతు

కోరుట్ల,
12 జూన్ 2025

చెల్లె ఉమారాణికి,

మీ అన్న మనోహర్ రాస్తున్నాడు. ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్ దగ్గరామె "కొరియరా, స్పీడ్ పోస్టా?" అని రెండుసార్లు అడిగింది. మామూలు ఉత్తరమమ్మా అంటే నవ్వింది.

రాయక ఏం చేయను? పదిహేను రోజులుగా నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. శ్రీధర్ బావకు చేస్తే స్విచ్ఛాఫ్. రాధికకు చేస్తే "అమ్మ బయటికి వోయింది మామా" అంటుంది. మీ సాంచల, ఆ మరమగ్గాల చప్పుడులో కూడా ఆ పిల్ల వెనక నీ దగ్గు నాకు వినిపిస్తూనే ఉంది. నా మేనకోడలికి నాతో అబద్ధమాడే అవసరం ఏమొచ్చింది?

మీ అత్త లసుమవ్వ సంవత్సరీకానికి మేము రాలేదని అలిగావని మీ వదిన లత అంటోంది. అదే నిజమైతే తప్పు నాదే. ఆ రోజు జగిత్యాలలో పని పడింది. నా పని సంగతి నీకు తెలియనిదేమీ కాదు. ఇరవై రెండేళ్లు లోకల్ కేబుల్‌లో ప్రకటనలు తీసి, వాటికి నా గొంతే ఇచ్చి బతికాను. అప్పుడు ఒక బట్టల షాపు ప్రకటన అంటే డెబ్బై సెకన్లు. సేటు, ఆయన ముగ్గురు కొడుకులు వరుసగా నిలబడి దండం పెట్టాలి. ఆ దండానికే పన్నెండు సెకన్లు పోయేవి. చూసేవాళ్లకూ తొందర ఉండేది కాదు.

ఇప్పుడు కేబుల్ ఎవరు చూస్తున్నారు? ఫోన్‌లో ప్రకటన వస్తే ఐదో సెకను దగ్గర బొటనవేలితో తోసేస్తారు. అందుకని షాపు పేరు మూడో సెకనుకే పడాలి. అడ్డంగా తీసిన బొమ్మను నిలువుగా కోయాలి. నిలువుగా కోస్తే ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు ఎగిరిపోతారు. మొన్న ఒక సేటు ఏ కొడుకును ఉంచాలో తేల్చుకోలేక అసలు ప్రకటనే వద్దన్నాడు.

జగిత్యాలలో ప్రకాశ్ అనే అతను డిజిటల్ ప్రకటనల ఆఫీసు పెట్టాడు. జనవరిలో నన్ను నాలుగు రోజులు అద్దాల గదిలో కూర్చోబెట్టి కాగితాలు చదివించాడు. మండలాల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెలు, పండుగలు, ఏవేవో. అవన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, నేను ఇంట్లో పడుకున్నా నా గొంతు మాట్లాడేలా చేశాడు. రెండు పేరాలు చదివితే ఇప్పుడు నాకు గొంతు జీరబోతుంది. దానికి పోదు. కేబుల్ పోయాక మళ్లీ నలుగురికి వినిపిస్తున్నానని కొంచెం సంతోషంగానే ఉంది.

రాధిక డిగ్రీ ఎంతవరకు వచ్చింది? బావను పొద్దున నడక విడవొద్దని చెప్పు. కోపం ఉంటే తిట్టు, కానీ మాట్లాడు.

నీ అన్న,
మనోహర్


సిరిసిల్ల,
20 జూన్ 2025

అన్నకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు తెలియనట్టు రాశావో, నిజంగా తెలియకనే రాశావో అర్థం కాలేదు. అందుకే జరిగింది మొదటి నుంచీ రాస్తున్నాను.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం మా ఆయన సాంచల దగ్గర ఫోన్ చూస్తూ నన్ను కేకేశాడు. "వినవే, మీ అన్న చెప్తున్నడు" అన్నాడు. నూలు కండెలు చుట్టడం ఆపి వచ్చాను. నీ గొంతే. "సిరిసిల్ల అన్నలారా, సాంచల మీద నిలబడి నిలబడి కాళ్లు మంటలు పుడుతున్నాయా? షుగర్ గోళీలు మింగి విసిగిపోయారా? గోళీలు పక్కన పెట్టండి. చక్కెర కట్టు పొడి నలభై రోజులు వాడండి." సిరిసిల్ల అన్నావు. సాంచలన్నావు. ఆయనకు పదేళ్ల నుంచి షుగరని నీకు తెలుసు. ఇంకేం కావాలి?

"అన్నను ఒకసారి అడుగుదాం" అన్నాను. "నాకు చెప్పక ఇంకెవలకు చెప్తడు బావ? మన ఊరి పేరు ఊరికే అంటడా?" అన్నాడు. ఆ తర్వాత రోజూ అదే వీడియో. పొద్దున ఒకసారి, టీ తాగేటప్పుడు ఒకసారి. పొడి తెప్పించాడు. గోళీలు మానేశాడు.

నాకు మనసొప్పక ఏప్రిల్‌లో ఒక ఆదివారం నీకు ఫోన్ చేశాను. గుర్తు తెచ్చుకో. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేస్తున్నడు. షుగర్‌కు మంచిదేనా, విడువుమందునా?" అని అడిగాను. "మంచిదే చెల్లె, అసలే విడువొద్దను" అన్నావు. అది కంప్యూటర్ కాదు. నువ్వే. ఇంకో మాట అనకుండా ఎవరో పిలుస్తున్నారని పెట్టేశావు.

మే మొదట్లో నూలు చుట్టిన భీము మోస్తుంటే ఇనుప కడ్డీ జారి ఆయన కుడికాలి బొటనవేలి మీద పడింది. నొప్పి లేదన్నాడు. నొప్పి తెలియడం లేదని మాకు తెలియలేదు. మూడు వారాలకు వేలు నల్లబడింది. కరీంనగర్ ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసిన డాక్టరమ్మ "ఎన్ని దినాలైంది గోళీలు బంద్ జేసి?" అని అడిగింది. మూడు వేళ్లు తీసేశారు. నువ్వు ఫోన్లు చేస్తున్న పదిహేను రోజులూ మేము ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతున్నాం.

మా అత్త సంవత్సరీకానికి రాలేదని అలిగానని అనుకున్నావు. అంత చిన్న బాధ ఉంటే బాగుండు.

ఫోన్ చేయకు. ఫోన్‌లో నీ గొంతు వింటే అది నువ్వో, కాదో నాకు ఇక తెలియదు. నీ చేతిరాత మాత్రం తెలుసు. చెప్పేదేమన్నా ఉంటే కాగితం మీద రాయి.

ఉమారాణి


కోరుట్ల,
27 జూన్ 2025

చెల్లె ఉమారాణికి,

నీ ఉత్తరం చదివాను. లత చేతికిచ్చాను. ఆమె చదివి లోపలికి పోయి ఏడ్చింది.

నేను ఆ మాటలు చెప్పలేదు. ఎవరి మీద ఒట్టు వేయమన్నా వేస్తాను. నీ ఉత్తరం వచ్చాకే ఆ ప్రకటన మొదటిసారి చూశాను. ఇరవై రెండేళ్లలో నేను ఒక్క మందు ప్రకటన చేయలేదని నీకు తెలుసు. మెట్‌పల్లి నుంచి ఒక వైద్యుడు మోకాళ్ల నూనెకు ప్రకటన చెయ్యమని మూడు నెలలు ఇంటి చుట్టూ తిరిగాడు. "చీర బాగలేకుంటే వాపస్ ఇస్తరు. నూనె పనిజెయ్యకుంటే మోకాలు వాపస్ ఇస్తవా?" అని పంపించేశాను. అట్లాంటివాణ్ని నన్ను అనుమానించావు.

ఆ ఏప్రిల్ ఫోన్ గుర్తుంది. ఫిబ్రవరిలో మెట్‌పల్లి పెళ్లిలో బావను రోజూ గంట నడవమని నేనే కదా చెప్పాను. నువ్వు "చెప్పినట్టే చేస్తున్నడు" అంటే నడక అనుకున్నాను. అందుకే విడవొద్దన్నాను. పొడి అని ఒక్క మాట నీ నోటి నుంచి రాలేదు. వచ్చి ఉంటే నేను అప్పుడే ఆపేవాణ్ని. పదేళ్ల రోగం ఉన్న మనిషి గోళీలు మానేస్తుంటే, ఇంట్లో ఉన్నదానివి, ఇంకొంచెం విడమరిచి అడగొద్దా?

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని జగిత్యాల పోయాను. ప్రకాశ్ టీ తెప్పించాడు. తాగలేదు. ఆ వీడియో చూపించి, "ఇది నేనెప్పుడు చెప్పిన?" అని అడిగాను.

"నువ్వు చెప్పలే అన్నా. నీ గొంతు చెప్పింది" అన్నాడు. వెటకారం కాదు, మామూలుగానే అన్నాడు.

తర్వాత కంప్యూటర్ తిప్పి చూపించాడు. ఆ కంపెనీవాళ్లు మొదట టీవీకని ఒక్క సినిమా తీశారు. పంట పొలం, ఒక ముసలాయన, సన్నాయి. ఫోన్లకు అది పనికిరాదని దాన్నే ముక్కలు చేశారు. సాంచలున్న చోట సాంచలు, పసుపు పండే చోట పసుపు, దుబాయికి పోయినవాళ్ల ఇళ్లకు దుబాయి మాట. ప్రతి మండలానికీ పేరు మార్చారు. రెండు వందల పన్నెండు రకాలు. అన్నిట్లో నేనే. ఎవరు తోసేయకుండా చివరిదాకా చూస్తే వాళ్లకు కంప్యూటరే మళ్లీ మళ్లీ పంపుతుందట. బావ నా గొంతని చివరిదాకా చూశాడు. అందుకే అది ఆయన్ను వదల్లేదు.

తీసెయ్యమన్నాను. "కంపెనీ ఎక్కడిదో నాకు గూడ ఎర్కలేదు అన్నా. ఢిల్లీ ఏజెన్సీ అడిగింది, నేను గొంతు అప్పజెప్పిన" అన్నాడు. నా సంతకం ఉన్న కాగితం ముందు పెట్టాడు. ఏ సరుకుకైనా, ఏ భాషలోనైనా అని ఉంది. చదవకుండానే పెట్టాను.

బావ కాలు ఎట్లా ఉందో రాయి. నేను రానా?

మనోహర్


సిరిసిల్ల,
9 జూలై 2025

అన్నకు,

రావద్దు.

జూలై మూడున కాలు మోకాలి కిందికి తీసేశారు. వేళ్లు తీసిన చోట మానలేదు, పైకి ఎక్కింది. సంతకం పెట్టమని కాగితం నాకిచ్చారు. నేను మొత్తం చదివే పెట్టాను.

విడమరిచి అడగొద్దా అని రాశావు. నువ్వు నా అన్నవని విడమరచలేదు. పక్కింటివాణ్ని అయితే పొడి పేరు, రంగు, ఎన్ని చెంచాలు అన్నీ చెప్పి అడిగేదాన్ని. నీకు సగం చెప్తే చాలనుకున్నాను. తప్పు నాదేనేమో అని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలియదు. నువ్వు కూడా అనాల్సిన పని లేకుండె.

ఆయన పని చేసే ఎనిమిది సాంచలను వాటి ఆసామి వేరే అతనికి అప్పగించాడు. ఆసామిని ఏమీ అనలేను. నిలబడలేని మనిషికి సాంచలు ఎట్లా ఇస్తాడు? రాధిక కాలేజీ నుంచి వచ్చి నాతోపాటు కండెలు చుడుతోంది.

నీకు రాయని సంగతి ఇంకొకటుంది. మా ఎదురింటి కిష్టవ్వ నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వొచ్చినప్పుడల్లా సర్వపిండి చేసి పంపేది. ఆమెకూ షుగరే, గోళీలు మానేసి ఆమె కూడా అదే పొడి వాడింది. ఫోన్‌లో చూసి కాదు, మా ఆయన మాట విని. "మా బావనే చెప్పిండు కిష్టవ్వా, మంచి కంపెనీ" అని తనే తెప్పించి చేతికిచ్చాడు. ఆమెనే కాదు, ఈ వాడలో ఇంకో నలుగురికి చెప్పాడు. ఇప్పుడు కిష్టవ్వకు కుడి కన్ను మసకలు కమ్ముతోంది. మొన్న కర్ర పట్టుకుని వచ్చి ఆయన మంచం దగ్గర కూర్చుంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాలు పోయినందుకు ఆయన ఏడవలేదు. ఆమె లేచి పోయాక ఏడ్చాడు.

నేను అడిగేది ఒక్కటే. ఆ పొడి వాడొద్దని, ఆ గొంతు నేను మాట్లాడింది కాదని నువ్వు చెప్పు. ఉత్త గొంతుతో కాదు. నీ ముఖం కనపడేటట్టు. ఎవరెవరికి ఆ ప్రకటన పోయిందో వాళ్లందరికీ పోయేటట్టు. ఇది నువ్వు చేయగలిగిన పనే కదా.

ఉమారాణి


కోరుట్ల,
19 జూలై 2025

చెల్లె ఉమారాణికి,

కాలు సంగతి చదివాక నిన్ను ఆ మాట అన్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. ఆ వాక్యం కొట్టేయడానికి వీల్లేదు, నీ దగ్గరికి చేరిపోయింది.

నువ్వు చెప్పిన పని చేశాను. తెల్ల అంగీ వేసుకుని, ఇంటి ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లత ఫోన్ పట్టుకుంది. నమస్కారం పెట్టి, నా పేరు, ఊరు చెప్పి, కేబుల్ రోజుల నుంచి మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు నిమిషాల పది సెకన్లు. బావ పేరు చెప్పలేదు. మా ఇంట్లో ఒక మనిషి కాలు పోయింది అన్నాను.

మూడు రోజుల్లో అరవై ఒక్క మంది చూశారు. అందులో ఎంతమంది చివరిదాకా ఉన్నారో కూడా చూపిస్తుంది ఫోన్. నలుగురు.

మళ్లీ ప్రకాశ్ దగ్గరికే పోయాను. ఇంకెవరి దగ్గరికి పోను? అతను చూసి, "దండం పెట్టుకుంట మొదలువెడితే ఎవలుంటరన్నా? కాలు ముందు చూపియ్యాలె. కట్టు గట్టిన కాలు, దాని మీద నీ మాట" అన్నాడు. బావ కాలు ఫోటో ఉందా అని అడిగాడు. నేను లేచి వచ్చేశాను. ఒకవేళ ఉందని చెప్పి ఇచ్చి ఉంటే నిజంగానే లక్ష మంది చూసేవాళ్లేమో. ఆ ఆలోచన నాకు బస్సులో వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాను.

ఇంటికొచ్చి ఇరవై సెకన్లది ఇంకొకటి తీశాను. "ఆ పొడి వాడకండి, గోళీలు ఆపకండి" అన్నదే మొదటి మాటగా పెట్టాను. ఇది నాలుగు వేల మంది చూశారు. కింద ఏం రాశారో చూడు. "ఇది ఏఐ వీడియో, నమ్మకండి." "అసలు మనోహర్ గొంతు ఇట్ల బొంగురుగా ఉండదు. చిన్నప్పటి సంది వింటున్నం." ఒకతనైతే రెండూ పక్కపక్కన పెట్టి, పొడి అమ్మేది నిజమైన మనోహర్, కుర్చీలో కూర్చున్నది నకిలీ అని తేల్చాడు. వంద మంది దానికి లైకు కొట్టారు.

ఠాణాకు పోయి సైబర్ ఫిర్యాదు కూడా రాయించాను. ఒప్పందం కాగితం చూసి, రాసుకునే ఆయన "గొంతు మీరే ఇచ్చిండ్రు గదా సార్" అన్నాడు. అయినా రాసుకుని నంబరు ఇచ్చాడు.

కిష్టవ్వను కంటి డాక్టరుకు చూపించారా? నువ్వు అడిగింది చేశాను చెల్లె. పని మాత్రం కాలేదు.

మనోహర్


సిరిసిల్ల,
30 జూలై 2025

అన్నా,

నీ వీడియో చూశాం. పెద్దదే చూశాం, చివరిదాకా. ఆ నలుగురిలో మేం ముగ్గురం ఉన్నాం కావచ్చు.

కుర్చీలో నువ్వు ఎంత చిక్కిపోయి కనపడ్డావో. మా ఆయన ఫోన్ కిందపెట్టాడు. తర్వాత "బావ గొంతును దొంగతనం జేసిండ్రు. అందుల బావ జేసింది ఏమున్నది? నా అసొంటోడే ఆయన గూడ" అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు.

నువ్వు నకిలీవని రాసినవాళ్ల కింద రాధిక ఒక్కొక్కరికీ జవాబు పెట్టింది. "ఈయన మా మామ. ఇదే అసలు గొంతు" అని ముప్పై ఏడుసార్లు రాసింది. వద్దన్నా వినలేదు.

నిన్ను అనుమానించాను. అది నా తప్పే. ఈ వాడలో నలుగురూ నాలుగు మాటలు అంటుంటే నిన్న కిష్టవ్వ ఇంటికి పోయాను. ఆమెకు కుడి కన్ను ఇక రాదన్నారట. "మా అన్నకు గీ సంగతి అసలే ఎర్కలేదు కిష్టవ్వా" అని, రాధిక నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసి చెప్పాను. ఆమె నమ్మింది. ఎదురింటి తలుపు మళ్లీ తెరుచుకుంది.

ఆగస్టు తొమ్మిదిన రాఖీ పున్నం. ఆయన్ని వదిలి నేను రాలేను. నువ్వు, వదిన రండి. ఆయనే రమ్మంటున్నాడు.

నీ చెల్లె,
ఉమ


కోరుట్ల,
4 ఆగస్టు 2025

ఉమా,

నీ ఉత్తరం మొన్న వచ్చింది. రాధిక నెత్తి మీద చెయ్యి పెట్టావని చదివిన దగ్గర నుంచి ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇక దాచలేను.

నాకు తెలుసు.

ఏప్రిల్ ఫోన్ సంగతి నేను రాసింది నిజం. అప్పుడు నేను నడక అనే అనుకున్నాను. కానీ ఆ ప్రకటన నీ ఉత్తరం వచ్చాకే చూశానన్నది అబద్ధం. మార్చి మొదటి వారంలోనే ప్రకాశ్ నాకు వాట్సాప్‌లో నా గొంతుతో చేసిన పదకొండు ప్రకటనలు పంపాడు. విని ఎట్లా ఉన్నాయో చెప్పమన్నాడు. మెట్‌పల్లి పోయే బస్సులో కూర్చుని విన్నాను. ఏడోదో ఎనిమిదోదో పొడి ప్రకటన. "గోళీలు పక్కన పెట్టండి" అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది. ఇది అనగూడదు కదా అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన ఎంతసేపు ఉందంటే, వచ్చే స్టేజీ దాకా కూడా లేదు.

ఎందుకంటే ఆ గొంతు ఎంత బాగుందో నీకు ఎట్లా చెప్పను? జీర లేదు, ఆయాసం లేదు. పదిహేనేళ్ల కింద కోరుట్ల బజారులో నడుస్తుంటే ప్రతి షాపులో వినపడ్డ గొంతు. ఇంటికి పోయి లతకు వినిపించాను. "మన పెండ్లయిన కొత్తల గిట్లనే మాట్లాడుతుంటివి" అంది. ఆమె వింటున్నది గొంతును, మాటలను కాదు. నేనూ అంతే. నాలుగుసార్లు విన్నాను. ప్రకాశ్‌కు "సూపర్" అని పెట్టాను. ఆ మెసేజి ఇప్పటికీ ఉంది. నూనె వైద్యుణ్ని పంపించేసిన రోజు నన్ను అడగడానికి మనిషి ఇంటికొచ్చాడు కాబట్టి కాదన్నాను. ఈసారి నన్ను ఎవరూ అడగలేదు, నేను వద్దనలేదు. అంతే తేడా.

జూన్‌లో నీ ఉత్తరం చదవగానే ఆ బస్సు గుర్తొచ్చింది. భయపడి అబద్ధం రాశాను. నీ మీద కూడా తప్పు తోశాను.

నాకు బావ ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. ఆ తర్వాత రమ్మంటే వస్తాను. రాఖీకి మాత్రం రాలేను.

మనోహర్


సిరిసిల్ల,
14 సెప్టెంబర్ 2025

మనోహర్ అన్నకు,

నీ ఉత్తరం ఆగస్టు ఏడున అందింది. రాఖీ నాడు ఆయన స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా చూసి "బావకు ఏదో పని వడ్డట్టున్నది" అన్నాడు. నేను అవునన్నాను.

చదివి వినిపించమని రాశావు. వినిపించలేదు. వినిపించను.

కిష్టవ్వ దగ్గరికి మాత్రం పోయాను. ఒట్టు వేసింది నేను కాబట్టి. "నేను తప్పు జెప్పిన కిష్టవ్వా, మా అన్నకు ఎర్కనే" అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది, ఒక్క కన్నుతో, చాట దగ్గరికి వంగి. "నువ్వు ఒట్టు వెట్టినప్పుడు నమ్మిన. ఇప్పుడు గిది గూడ నమ్మాల్నా?" అంది. అంతే. ఆమె కసురుకున్నా నాకు తేలికయ్యేది.

ఇంకో సంగతి విను. పది రోజుల కింద కరీంనగర్‌లో ఉచితంగా కృత్రిమ కాళ్లు ఇస్తున్నారంటే పోయాం. ఏదో కొత్త కంపెనీ. ఆయనకు ఇంకా పుండు పూర్తిగా మానలేదు. అయినా తొడిగారు. నిలబడి నాలుగడుగులు వేసేసరికి పంటి కింద పెదవి కొరుక్కున్నాడు. అప్పుడు ఒకామె ఫోన్ పట్టుకుని వచ్చింది. "అంకుల్, చిన్న వీడియో. నొప్పి అసలే లేదు, రేపటి సంది పనికి పోత అని చెప్పుండ్రి" అంది. చెప్పకపోతే కాలు ఇవ్వరని ఎవరూ అనలేదు. కానీ కాలు ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది.

ఆయన చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. తర్వాత సిరిసిల్ల పేరుతో ఒకటి, జగిత్యాల పేరుతో ఒకటి. ఒకచోట వెలుతురు సరిపోలేదంటే నన్ను కిటికీ తెర పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆయన చెప్పేది అబద్ధమని నాకు తెలుసు. ఇంకెవరో కాలు లేని మనిషి దాన్ని చూసి, పుండు మానకముందే తొడుక్కుంటాడని కూడా తెలుసు. తెర మాత్రం వదల్లేదు. ఇంటికొచ్చి విప్పితే లోపలి గుడ్డ నెత్తుటితో తడిసి ఉంది.

ఇది నీకు ఎందుకు రాస్తున్నానంటే నిన్ను క్షమించడానికి కాదు. నీలాంటిదాన్నే అయ్యానని తెలిశాక నీ మీద కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. నువ్వు చేసింది ఎంత సులువో తెలిసింది. తెలిశాక ఇంకా పెరిగింది.

నీకు చెప్పే ధైర్యం లేదని నా చేత చెప్పించాలనుకున్నావు. ఇప్పటికి నీ మాటలు చాలా నోళ్లు చెప్పాయి. ఇది ఒక్కటి నువ్వే చెప్పు. వచ్చే ఆదివారం ఆయన ఇంట్లోనే ఉంటాడు. వదినను తీసుకురాకు, ఒక్కడివే రా. ఆయన ఎదురుగా కూర్చుని, బస్సులో విన్నది, నాలుగుసార్లు విన్నది, అన్నీ చెప్పు. ఆ తర్వాత ఆయన ఉండమంటే ఉండు, పొమ్మంటే పో. నేను మధ్యలో మాట్లాడను.

నిన్ను గుమ్మంలో చూడగానే ఆయన "బావా, అచ్చినవా" అని నవ్వుతూ లేవబోతాడు. లేవనియ్యకు. ఆ నవ్వు చూసుకుంటూ కూర్చోకు. ముందే చెప్పు.

ఉమారాణి